గాలి లెక్క తగ్గించి చెప్పిన పాపానికి

షికాగో పక్కన అరోరాలో ఉండగా, 2012లో, ఈ బండి కొన్నాను. 1992 మోడల్ మిత్సుబిషి ఎక్లిప్స్ జీఎస్‌ఎక్స్. ఇదే ఇల్లినాయిలో, నార్మల్ అనే ఊళ్లో డైమండ్-స్టార్ ఫ్యాక్టరీలో తయారైంది. 4జీ63 ఇంజిన్, రెండు లీటర్లు, టర్బో. మా ఆవిడ దృష్టిలో మాత్రం ఇరవై ఏళ్ల డొక్కు. అరోరా బాలాజీ గుడిలో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించిన వారానికే బానెట్ ఎత్తాను. మళ్లీ ప్రశాంతంగా దించింది రెండేళ్ల తర్వాత.

బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి గాలిని తోసే ఒత్తిడి, 15 పీఎస్ఐకి పెంచుదామని నా ఆశ. అంత గాలి లోపలికి పోతే దానికి సరిపడా పెట్రోలు కావాలి. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే కంపెనీ ఇంజెక్టర్లు నిమిషానికి 450 సీసీవి. వాటిని తీసి 550వి వేశాను, పెద్ద పెట్రోలు పంపు కూడా పెట్టాను. చిక్కేమిటంటే ఇంజెక్టర్లు మారిన సంగతి ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, తెలీదు. అది పాత లెక్క ప్రకారమే అంతసేపు తెరుస్తుంది. ప్రతిసారీ పెట్రోలు ఎక్కువ పడిపోతుంది.

దీనికి అప్పట్లో చవకైన మార్గం ఎపెక్సీ సూపర్ ఏఎఫ్‌సీ అనే చిన్న డబ్బా. అది చేసే పని అర్థం కావాలంటే ముందు గాలి మీటరు సంగతి చెప్పాలి. మా ఊరి కాలవలో ఓ గుంజ పాతి ఉండేది. నీళ్లు దాన్ని దాటగానే ఓసారి ఎడమ పక్క, ఓసారి కుడి పక్క సుడి లేచేది. ప్రవాహం పెరిగితే సుడులూ గబగబా లేచేవి. ఈ కారు మీటరు చేసేదీ అదే. గాలికి అడ్డంగా ఓ దిమ్మె పెట్టి, దాని వెనక లేచే సుడుల్ని లెక్కపెడుతుంది. కార్మన్ సుడులంటారు వాటిని. సెకనుకి ఎన్ని సుడులైతే ఈసీయూకి అన్ని పల్సులు. డబ్బా మధ్యలో దూరి 1000 వస్తే 820 అని చెబుతుంది. ఎందుకు 820 అంటే, 450ని 550తో భాగిస్తే 0.82. అంటే మైనస్ 18 శాతం. లెక్క ఇంతే అనుకున్నాను.

ఈసీయూ రేడియో కింద, మధ్య కన్సోల్‌లో ఉంటుంది. మిగతా వైర్లకి అతుకు వేస్తే చాలు, గాలి సిగ్నల్ వైరు ఒక్కటే కోయాలి. కటింగ్ ప్లయర్ పట్టుకుని పది నిమిషాలు ఆ వైరు వంక చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు గుడివాడలో మా అంబాసిడర్ కార్బురేటర్‌ని మెకానిక్ బాబాయ్ చెవితో విని, స్క్రూ పావు చుట్టు తిప్పి సరిచేసేవాడు. ఆయన ఏదీ కోయగా నేను చూడలేదు.

మిక్స్చర్, అంటే ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి పడుతోందో, కొలవడానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొన్నాను. దీని మీద డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. కారుతో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ 14.7కి ఇటా అటా అనేదే నమ్మకంగా చెబుతుంది. బూస్ట్‌లో మనకి కావాల్సింది 11, 12 మధ్య తేడా. అక్కడ దాని మాట నమ్మితే పిస్టన్ కరిగాక తెలుస్తుంది.

మొదటి రోజు ఐడిల్ నిలవలేదు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నిలకడగా తిరగలేదు. ఈసీయూ అంకెల్ని లాప్‌టాప్‌లో చూపించే లాగర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ చేసుకునే పెట్రోలు సవరణ, 100 దగ్గర ఉండాలి, నాకు 112. పెట్రోలు చాలక ఈసీయూ తనే 12 శాతం కలుపుకుంటోందన్నమాట. సరే, కింది ఆర్‌పీఎంలో మైనస్ తగ్గించాను. పూర్తి యాక్సిలరేటర్ పరీక్ష రోడ్డు మీద చేసే ధైర్యం లేక గంట లెక్కన డైనో, అంటే బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపి చూసే యంత్రం, అద్దెకి తీసుకున్నాం. అక్కడేమో 10.5. మరీ రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ, వెనక నల్ల పొగ. డబ్బాలో యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పటి లెక్క ఉండే హై త్రాటిల్ మ్యాపులో మైనస్ 24కి దించితే 11.3కి వచ్చింది. నేనే ట్యూనర్‌ని అని ఇంటికొచ్చి బిర్యానీ ఆర్డర్ ఇచ్చాను.

ఐడిల్‌లో పెట్రోలు చాలడం లేదు, బూస్ట్‌లో ఎక్కువవుతోంది. రెండు రోగాలనుకుని రెండు నాబ్‌లు తిప్పాను. ఒకటే రోగం. మీటరుకీ సిలిండరుకీ మధ్య ఎక్కడో కంత ఉంది. ఐడిల్‌లో వాక్యూమ్ కాబట్టి లెక్కలో లేని గాలిని ఆ కంత లోపలికి పీలుస్తుంది. బూస్ట్‌లో అదే కంత లెక్కపెట్టేసిన గాలిని బయటికి వదిలేస్తుంది. ఇది నాకు తట్టింది మూడు వారాల తర్వాత, అదీ మా ఫ్రెండ్ "బావా, అసలు లీక్ టెస్ట్ చేశావా?" అన్నాక.

చేయలేదు. టర్బో మూతికి పైపు మూత బిగించి, కంప్రెసర్‌తో 15 పీఎస్ఐ ఎక్కించి, సబ్బు నీళ్లు కొట్టాం. మూడో ఇంజెక్టర్ మొదట్లో బుడగలు పుంజాలు పుంజాలుగా పొంగాయి. తీసి చూస్తే కింది రబ్బరు వాషర్ ఓ పక్క నలిగి, చంద్రవంకలా తెగి ఉంది. బిగించేటప్పుడు దానికి నూనె రాయకుండా పొడిగా నొక్కింది నేనే. ఇంటర్‌కూలర్ గొట్టం క్లిప్పు ఒకటి కూడా వదులుగా ఉంది.

రెండూ సరిచేసి నేరుగా డైనో ఎక్కించాను. మైనస్ 24 అలాగే ఉందన్న సంగతే మర్చిపోయాను. గాలి లీకు పోయింది కాబట్టి మీటరు ఇప్పుడు తక్కువ గాలి చూపిస్తోంది, పెట్రోలూ ఆ మేరకు తగ్గింది. 12.2. పక్క సీట్లో లాప్‌టాప్ పట్టుకున్న మావాడు "నాక్ 21! కాలు తియ్ రా!" అని అరిచాడు. తీశాను. నాక్ అంటే సిలిండర్లో పెట్రోలు, గాలి వేళ తప్పి పేలడం, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం. ప్లగ్గులు విప్పితే తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు. అల్యూమినియం. పిస్టన్ మీదది.

మైనస్ 18కి తెచ్చాను, మళ్లీ 11.3. ఇంక నాక్ రాకూడదు. వచ్చింది, 14. అప్పుడు పాత లాగులు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. కంపెనీ ఇంజెక్టర్లతో 5000 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్క్ ఇస్తుందో, 12 డిగ్రీలు. ఇప్పుడు 16. ఆ నాలుగు డిగ్రీలు ఎవరిచ్చారు? నేనే. ఈసీయూ గాలి లెక్కని పెట్రోలుకే కాదు, స్పార్క్ ఎప్పుడివ్వాలో తేల్చడానికీ వాడుతుంది. గాలి తక్కువ అంటే ఇంజిన్ మీద లోడు తక్కువ అనుకుని స్పార్క్ ముందుకి జరుపుతుంది. పెట్రోలు కోసం చెప్పిన అబద్ధాన్ని అది టైమింగ్‌లోనూ నమ్మింది. ఇంజెక్టర్లు ఎంత పెద్దవైతే అబద్ధం అంత పెద్దది. 660 సీసీవి వేసుంటే మైనస్ 32, తల్చుకుంటేనే భయం.

కామ్ యాంగిల్ సెన్సర్ తిప్పి బేస్ టైమింగ్ 5 డిగ్రీల నుంచి 3కి తెచ్చాను. ప్లగ్గులు ఒక నంబరు చల్లనివి, బీపీఆర్7ఈఎస్, వేశాను. బూస్ట్ 14కి దించాను. నాక్ 3కి పడింది. కానీ బేస్ తగ్గిస్తే బూస్ట్ లేని చోట కూడా తగ్గుతుంది, సిటీలో బండి కొంచెం మొద్దుబారింది. అలాగే ఒక చలికాలం నడిపాను.

తర్వాతి వేసవిలో చిప్ మార్చుకునే వీలున్న ఈసీయూ దొరికింది. అందులో ఇంజెక్టర్లు 550 అని ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు, టైమింగ్ పట్టిక దాని మానాన అది ఉంటుంది. ఆ రోజు కన్సోల్ మళ్లీ విప్పి, కోసిన వైరుని కలిపి టంకం పెట్టి, పైన ష్రింక్ ట్యూబు తొడిగాను. డబ్బా గరాజ్ సొరుగులో ఉంది. స్క్రీన్ మీద ఇంకా మైనస్ 18 గుర్తుందో లేదో ఎప్పుడూ కరెంటిచ్చి చూడలేదు.