బస్సు టికెట్టూ బోరు మోటారూ

పొద్దున్నే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అన్నయ్య ఒక వీడియో పెట్టాడు. బస్సులో సీటు కోసం ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. వెనక నుంచి ఒక మగ గొంతు చెబుతోంది: ఉచితాలు జనాన్ని ఎట్లా పాడుచేశాయో చూడండి, మీరు కష్టపడి కట్టిన పన్ను ఇట్లా పోతోంది అని. దాని కింద బాబాయి దండాలు, వదిన వాళ్ల తమ్ముడి నవ్వు బొమ్మలు. ఆ వీడియో ఏ ఊరిదో, ఎప్పటిదో ఎవరూ అడగలేదు.

చాలా బాధేసింది. పెట్టింది ఎవరో ముక్కూ మొహం తెలియనివాడైతే వదిలేసేదాన్ని. అన్నయ్య నాలుగెకరాల మిర్చి రైతు. అందులో రెండెకరాలు కౌలు. ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా ముందు వెళ్లే మనిషి. మా నాన్న ఉన్నన్నాళ్లూ ఇంటికి లెఫ్ట్ పేపరు ప్రజాశక్తి వచ్చేది. చదివి వినిపిస్తూ, "వార్తలో ఎవరున్నారో అందరికీ కనపడుతుంది, ఎవరు లేరో చూడండిరా" అనేవాడు నాన్న. ఆ మాట మేమిద్దరం ఒకే అరుగు మీద కూర్చుని విన్నాం. మరి అన్నయ్యకు ఈ వీడియోలో ఎవరు లేరో ఎందుకు కనపడలేదా అని బడికి తయారవుతున్నంతసేపూ అదే ఆలోచన.

ఖమ్మం నుంచి నేను పనిచేసే బడికి వెళ్లాలంటే పల్లెవెలుగు బస్సు ఎక్కాలి. ఈ నెలలో మిర్చి కోతలు. బస్సు నిండా కోతకు వెళ్లే ఆడవాళ్లే. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, తలకు గుడ్డ, చేతిలో అన్నం గిన్నె. నిలబడటానికి చోటు లేదు, నిజమే. కండక్టరు ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టేసరికి మూడు స్టాపులు దాటిపోతాయి. బస్సులు పెంచకుండా ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పథకం పెట్టారన్న విమర్శ నేనూ చేస్తాను. కానీ ఆ బస్సులో ఎవరున్నారో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఆ వీడియో గొంతు చెప్పేది నేను ఒప్పుకోలేను.

నా పక్కన నిలబడ్డ పెద్దావిడను కదిలించాను. ఇంతకుముందు ఆటోకు పోను 30, రాను 30 అయ్యేదట. కొన్నిసార్లు రైతే ఆటో పెట్టేవాడు కానీ అప్పుడు ఒక్క ఆటోలో పదిహేను మందిని కుక్కేవాళ్లు. మిర్చి కోతలకు వెళ్తూ ఆటోలు, ట్రాక్టర్లు బోల్తా పడి కూలీలు చనిపోయిన వార్తలు మా వైపు ప్రతి సీజన్‌లో వింటాం. "ఇప్పుడా పైసలు ఏం చేస్తున్నవమ్మా?" అని అడిగాను. షుగర్ గోళీలు కొనుక్కుంటోందట. ఇంకో మాట కూడా చెప్పింది. "పెద్దాసుపత్రికి పోవాల్నంటే కొడుకును అడగాల్సి వచ్చేది బిడ్డా. ఈసారి పోదాం, వచ్చే వారం పోదాం అనేటోడు. ఇప్పుడు నాకు నేనే పోయొస్తున్న."

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఈ ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు అందరం టికెట్టు లెక్కే వేశాం. అరవై ఏళ్లు దాటిన ఒక మనిషి ఎవరి అనుమతీ లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లగలగడాన్ని ఏ లెక్కలో వేయాలి?

మధ్యాహ్నం స్టాఫ్ రూములో మళ్లీ ఇదే చర్చ. లెక్కల సారు మంచివాడు, పిల్లలకు బాగా చెబుతాడు. "పన్ను కట్టేది మనం మేడమ్, తిరిగేది వాళ్లు" అన్నాడు. ఆయన 2008 డీఎస్సీ. అంటే 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాడు, సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పథకం కింద ఉన్నాడు. నెలనెలా జీతంలో పది శాతం కోసి మార్కెట్లో పెడతారు. రిటైరయ్యాక ఎంత వస్తుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. నేను అంతకు ముందే చేరాను, నాకు పాత పెన్షన్ ఉంది. ప్రతి సెప్టెంబర్ 1న పాత పెన్షన్ కోసం చేసే ధర్నాలో ఆయనా, ఆయన కోసం నేనూ కూర్చుంటాం. అందుకే చనువుగానే అడిగాను: "సార్, మీ పెన్షన్ గురించి టీవీలో ఏమంటున్నారు? ఖజానా మీద భారం, ప్రజల పన్ను సొమ్ముతో ఉద్యోగుల్ని మేపుతున్నారు అంటున్నారు. కోతకు వెళ్లే ఆవిడ ఆ మాట నమ్మితే మీకెట్లా ఉంటుంది?"

"మనం పనిచేస్తున్నాం కదా మేడమ్" అన్నాడు.

ఆవిడ చేసేది పని కాదా అని నేను అడిగేలోపే, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేది మనమే కదా అన్నాడు. సబ్బుకీ, చెప్పులకీ, ఆ షుగర్ గోళీలకీ జీఎస్టీ ఎవరు కడుతున్నారు? బీదవాడు తన సంపాదన మొత్తం ఖర్చుపెట్టే బతకాలి. అంటే అతని సంపాదనలో చాలా భాగం ఏదో ఒక పన్ను దుకాణం ముందు నుంచి పోవాల్సిందే. అటువైపు 2015 బడ్జెట్‌లో సంపద పన్నే ఎత్తేశారు. 2019 సెప్టెంబర్ 20న కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కు, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15కు తగ్గించారు. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం పోతుందని ఆ రోజు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామనే చెప్పారు. దాన్ని పేపర్లు ప్రోత్సాహకం అని రాశాయి. ఆ సొమ్ము మన పన్నులోంచి పోయిందని ఒక్క వీడియో అయినా మా గ్రూపులోకి రాలేదు.

సారు కాసేపు ఆగి, "అవి పెట్టుబడులు తెస్తాయి కదా" అన్నాడు. పూర్తిగా కొట్టిపారేయాల్సిన మాట కాదది, చర్చించాల్సిన మాటే. తెచ్చాయా, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి అని పద్దు చూసి తేల్చుకోవచ్చు. నా బాధల్లా ఆ పద్దు అడగడం ఎవరికీ తట్టకపోవడమే. బస్సెక్కిన మనిషిని మాత్రం ఆధార్ తీసి చూపించమంటాం. బెల్లు కొట్టారు, సారు తొమ్మిదో తరగతికి వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సు తప్పిపోయి ఆటో ఎక్కాను. ఒక్కదాన్నే ఉన్నాను. డ్రైవరు ముప్పై ఏళ్ల అబ్బాయి. "మీరైనా ఎక్కారు మేడమ్" అంటూ మొదలుపెట్టాడు. ఆటో ఫైనాన్సు కిస్తీ రెండు నెలలుగా కట్టలేదట. ఎన్నికలప్పుడు ఆటోవాళ్లకు ఏడాదికి 12,000 ఇస్తామన్నారు, తన చేతికైతే ఏమీ రాలేదన్నాడు. ఆడవాళ్ల మీద కోపంగా మాట్లాడాడు. వాళ్లమ్మ రోజూ ఏ బస్సుకు పనికి వెళ్తుందో చెప్పింది కూడా అతనే.

అతని కోపాన్ని తప్పు పట్టలేను. ఒక పేదకు ఇచ్చిన మేలుకు ఇంకో పేద మూల్యం చెల్లించాల్సి రావడం అన్యాయం. ఉచిత బస్సు ఉండాల్సిందే, ఆటోవాళ్లకు బతుకుదెరువు చూపించాల్సిందే అని ఒకే నోటితో అనాలి. ఆటో యూనియన్లు అదే అడుగుతున్నాయి. కానీ ఈ రెండు డిమాండ్లనూ కలిపి పట్టుకున్న జెండాలు టీవీలో కనపడవు. ఆటో డ్రైవరు ముందు మైకు పెడతారు, ఆడవాళ్లను తిట్టించుకుంటారు, అక్కడికి కట్ చేస్తారు. రాజకీయ ప్రచారం అంటే అబద్ధాలు చెప్పడం అనుకుంటాం. ఆ అబ్బాయి చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. బస్సు వీడియోలో కొట్లాట కూడా నిజంగా జరిగిందే అయ్యుండొచ్చు. ఎవరికి ఎదురుగా ఎవరిని నిలబెట్టాలో ముందే తేల్చుకుని, నిజాల్లోంచి దానికి సరిపడే ముక్క ఏరుకోవడమే ఆ పని. అందుకే దాన్ని అబద్ధం అని కొట్టేసి ఊరుకుంటే లాభం లేదు. ఫ్యాక్ట్ చెక్ లింకు పెట్టి గెలిచాననుకునే మా యూనియన్ తమ్ముళ్లతో నాకు ఎప్పుడూ ఇదే తగాదా.

రాత్రి అన్నయ్యకు ఫోన్ చేశాను. గ్రూపులో జవాబు రాయకూడదు, మాట్లాడాలి అనుకున్నాను. గ్రూపులో అయితే బాబాయి ముందు తగ్గడానికి ఆయన ఒప్పుకోడు.

కోతలెట్లా ఉన్నాయి అని అడిగితే అరగంట చెప్పాడు. నల్ల తామర పురుగు, మందుల ఖర్చు, కౌలు. రేటు సంగతి మరీ అన్యాయం. యార్డులో పొద్దున జెండా పాట పెడతారు. ఉన్నవాటిలో మేలైన తేజ రకం మిర్చి బస్తాలకు వేలం పాట పాడి ఒక ధర తేలుస్తారు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధర. మిగిలిన వందల మంది రైతుల దగ్గరికి వచ్చేసరికి తేమ ఉందని, తాలు ఉందని కోసుకుంటూ పోతారు. ఊళ్లో వాళ్లు పేపరు చూసి, "ఈసారి మీకు బాగానే గిట్టిందిగా" అంటారట. ఆ మాటకు అన్నయ్య ఎంత నొచ్చుకుంటాడో గొంతులోనే తెలిసింది. మిర్చికి కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధర కూడా లేదు.

"కూలీలు?" అన్నాను.

"బానే వస్తున్నరు ఈ యేడు."

"ఆటో నువ్వే పెడుతున్నవా?"

"లేదు, బస్సుకే వస్తున్నరు. అంతకుముందు ఆటో కిరాయి నా మీదే పడేది."

నేనేమీ అనలేదు. అన్నయ్యకే అర్థమైంది. "నువ్వు దేనికి అడిగినవో తెలుసులే" అన్నాడు. అప్పుడు వీడియో సంగతి ఎత్తాను. ఆయన బోరు మోటారుకు 2004 నుంచి కరెంటు బిల్లు లేదు. ఉండకూడదు కూడా, బిల్లు వేస్తే ఆ నాలుగెకరాలు బీడే. కానీ దాన్ని దండగ అనేవాళ్లు దేశంలో తక్కువేం లేరు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద లెఫ్ట్ పార్టీలు హైదరాబాద్‌లో ఊరేగింపు తీస్తే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి చనిపోయారు. అప్పుడు ప్రపంచ బ్యాంకు షరతులను సంస్కరణలు అన్నారు, ఎదురు తిరిగినవాళ్లను అభివృద్ధి నిరోధకులు అన్నారు. ఆ వారమంతా నాన్న సరిగ్గా అన్నం తినలేదు. అన్నయ్యకూ గుర్తుంది.

ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్న రోజులు కూడా గుర్తుచేశాను. 2020 నవంబర్ నుంచి ఏడాది పాటు చలిలో, ఎండలో ఉన్నారు. ఇదే గ్రూపులో వాళ్లను ఖలిస్తానీలు అని వీడియోలు వచ్చాయి. పిజ్జాలు తింటున్నారు, వీళ్లు రైతులేనా అని ఎగతాళి చేశారు. అప్పుడు బాబాయితో గట్టిగా పోట్లాడింది అన్నయ్యే. "రైతు పిజ్జా తింటే నీకెందుకు నొప్పి" అని రాశాడు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"అది వేరు" అన్నాడు.

"ఎట్లా వేరు?"

జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడు. "ముదిగొండలో ఏడుగురు పోయిండ్రు. భూమి వచ్చిందా? మీ పార్టీలోళ్లు ప్రతి జులైలో స్తూపానికి దండేసిపోతరు. మా కౌలు గురించి ఎన్నిసార్లు వచ్చిండ్రు?"

2007 జులై 28. భూమి కోసం, ఇంటి జాగా కోసం లెఫ్ట్ పార్టీలు పిలుపునిచ్చిన బంద్ రోజు పోలీసులు కాల్చారు. బడికి వెళ్తూ వస్తూ నాకు ఎప్పుడూ గుర్తొచ్చే రోజది. అడిగినంత భూమి రాలేదు, నిజం. పోరాడిన చోట కొందరికి జాగాలు దక్కాయి, చాలామందికి లేదు. అలాగే ఉపాధి హామీ చట్టం 2005లో ఊరికే రాలేదు. లెఫ్ట్ ఎంపీల మద్దతు మీద నిలబడ్డ ప్రభుత్వం చేసిన చట్టం అది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఇవన్నీ అన్నయ్యకు చెప్పాను. కౌలు విషయంలో మాత్రం ఆయన అడిగింది సూటిగా తగిలింది. కౌలు రైతుకు గుర్తింపు లేదు, పెట్టుబడి సాయం భూమి యజమాని ఖాతాలో పడుతుంది. ఈ సంగతి మీద సభలు పెట్టారు, వినతిపత్రాలు ఇచ్చారు. పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. ఆ ఖాళీలోకే ఫోన్ వచ్చి కూర్చుంది. రోజంతా ఒంటరిగా తోటలో ఉండే మనిషికి సాయంత్రం మాట్లాడే తోడు ఆ వీడియోలే. నా వాదన ఎంత సరైనదైనా, అరగంట అన్నయ్య మిర్చి గురించి వినకుండా ఉంటే ఆ ఆటో కిరాయి మాట బయటికే వచ్చేది కాదు.

చివరికి ఏకాభిప్రాయం ఏమీ కుదరలేదు. బస్సు సరే గానీ ఉచితాలు ఎక్కువయ్యాయన్నాడు. వచ్చే ఎన్నికల్లో ఎవరికి వేస్తాడో అడగలేదు, నేను అనుకునేవాళ్లకు వేయడని తెలుసు. ఫోన్ పెట్టే ముందు మాత్రం, గురువారం బస్తాలు యార్డుకు వేస్తున్నా, వీలైతే రా, నీకు లెక్కలు రాయడం వచ్చు కదా అన్నాడు. సెలవు చీటీ రాసి పెట్టాను. ఆ రోజు జెండా పాట ఎంత పలికింది, మా ఊరి రైతులు ఒక్కొక్కరికి ఎంత పడింది, దేనికి ఎంత కోశారు, అన్నీ రాసుకోవాలి. యూనియన్‌లో రైతు సంఘం తమ్ముడు ఒకతను ఉన్నాడు. కౌలు సంగతి మాట్లాడటానికి అతన్నీ వెంట రమ్మన్నాను. అన్నయ్య వాళ్లతో పాటు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలని చెప్పాను.