టమాటా ఎవరు విసిరారు?

ఫిబ్రవరి, గురువారం రాత్రి

ఫిబ్రవరి వస్తే మా న్యూజెర్సీ బడుల్లో నల్లజాతి చరిత్ర మాసం హడావుడి మొదలవుతుంది. వరండా గోడల నిండా ఫొటోలు, ఒక్కోదాని కింద పుట్టిన సంవత్సరం, "ఫలానా పని చేసిన మొదటి నల్లజాతి మహిళ" అని ఒక వాక్యం. పిల్లలు శ్రద్ధగా రంగులేస్తారు. మార్చి రాగానే అన్నీ పీకేస్తాం. ఈసారి మా రెండో తరగతికి పోస్టర్లు తర్వాత చేద్దాం, ముందు కథలు విందాం అని చెప్పాను.

ఇవాళ రూబీ బ్రిడ్జెస్ వంతు. అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న ఒక బడికి వెళ్ళిన మొదటి నల్లజాతి పిల్ల. నార్మన్ రాక్‌వెల్ వేసిన, 1964లో ఒక పత్రికలో అచ్చయిన రూబీ బొమ్మని స్క్రీన్ మీద పెట్టి పిల్లల్ని రగ్గు మీద కూర్చోబెట్టాను. తెల్ల గౌను, తెల్ల బూట్లు, చేతిలో పుస్తకం, స్కేలుతో నడుస్తున్న పాప. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఫెడరల్ మార్షల్స్, అంటే కాపలాగా వచ్చిన కేంద్ర ప్రభుత్వ అధికారులు. వాళ్ళ తలలు బొమ్మలో కనిపించవు, భుజాల దగ్గరే ఆగిపోతాయి. అందుకే చూసేవాళ్ళ కళ్ళు కూడా పాప ఎత్తుకే దిగుతాయి. వెనక గోడ మీద ఎర్రటి మరక, కింద చితికిపోయిన టమాటా. "ఏమేం కనిపిస్తున్నాయి?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను. బూట్లన్నారు, రిబ్బనన్నారు. గోడ మీద రాసి ఉన్న మాటేమిటని ఒకడు అడిగితే, నల్లవాళ్ళని కించపరచడానికి వాడే తిట్టు, మనం అనకూడదు అని సూటిగానే చెప్పాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల చివరి నుంచి అడిగింది: "ఆ టమాటా ఎవరు విసిరారు?"

పీరియడ్ మొత్తం ఆ ప్రశ్నకే ఇచ్చేశాను. చిన్నపిల్లలకి మనం చెప్పే కథల్లో ధైర్యం చేసినవాళ్ళు ఉంటారు గానీ, అంత ధైర్యం చేయాల్సిన అవసరం తెచ్చిపెట్టినవాళ్ళు ఉండరు. అన్యాయమంతా వానలా పైనుంచి కురిసిందన్నట్టు చెబుతాం. రాక్‌వెల్ కూడా విసిరిన చేతిని చూపించలేదు. కానీ చేయి ఉంది కదా.

అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. 1960 నవంబర్ 14, న్యూ ఆర్లీన్స్, విలియం ఫ్రాంట్జ్ ఎలిమెంటరీ స్కూల్. రూబీకి ఆరేళ్ళు. బడి ముందు జనం, అరుపులు చూసి అది మార్డీ గ్రా పండగ అనుకుంది. అరుస్తున్నవాళ్ళలో చాలామంది అమ్మలు. "అమ్మలా?" అని రగ్గు మీద నలుగురైదుగురు ఒకేసారి అన్నారు. అవును, అమ్మలే. మొదటి రోజంతా రూబీ ప్రిన్సిపాల్ ఆఫీసులోనే కూర్చుంది. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి నుంచి తీసుకెళ్ళిపోతూనే ఉన్నారు. మర్నాడు బోస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ టీచర్ ఆమెకి పాఠం మొదలుపెట్టింది. ఆ ఏడాది ఆ గదిలో ఒక టీచరు, ఒక విద్యార్థి. రూబీ నాన్నకి గ్యాస్ స్టేషన్‌లో ఉద్యోగం పోయింది. మిసిసిపీలో తాతయ్య, నాయనమ్మలని వాళ్ళు సాగుచేసుకుంటున్న పొలం నుంచి వెళ్ళగొట్టారు. ఇక పొరుగువాళ్ళ సంగతి. ఒకాయన ఆ నాన్నకి ఇళ్ళకి రంగులేసే పని ఇచ్చాడు. కొందరు పొద్దున్నే మార్షల్స్ కారు వెనక నడుస్తూ రూబీకి తోడుగా వెళ్ళేవారు. ఈ భాగం నేను ఎప్పుడూ వదలను, మంచి చేసినవాళ్ళు కూడా మనుషులేనని పిల్లలకి తెలియాలి.

అన్నిటికంటే వాళ్ళ మనసులో నాటుకున్నది లంచ్ సంగతి. విషం పెడతానని ఒకామె బెదిరించేది కాబట్టి రూబీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే తినాలి, అదీ ఒంటరిగా. తినకపోతే మిగతా పిల్లలతో పాటు క్యాఫెటేరియాకి పంపిస్తారేమోనని శాండ్‌విచ్‌లు బీరువాలో దాచేది, పాలు జిగురు డబ్బాలో పోసేది. జిగురు డబ్బా అనగానే పిల్లలు పకపకా నవ్వారు. కాసేపటికి ఒకడు "మరి ఆ టీచర్ ఆమెతో కూర్చుని తినొచ్చుగా?" అన్నాడు. ఆ శాండ్‌విచ్‌లు బయటపడ్డాక ఆవిడ అదే చేసిందని చెబితే వాడి మొహం వెలిగిపోయింది.

"ఇప్పుడు ఆమె బతికే ఉందా?" ఉన్నారు, 1954లో పుట్టారు అన్నాను. మా అమ్మమ్మ కూడా అప్పుడే పుట్టింది అని ఒక పాప లెక్క చెప్పింది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు చూస్తే పిల్లలకి అవన్నీ రాజుల కాలం నాటివి అనిపిస్తాయి. అమ్మమ్మ వయసు అనగానే దగ్గరకి వచ్చేస్తాయి.

రోసా పార్క్స్ కథ వచ్చే వారం. కాళ్ళు నొప్పి పుట్టి, బస్సులో తెల్లవాళ్ళ కోసం సీటు వదలని ముసలామెగా నేను ఆవిడని చెప్పను. ఆవిడకి అప్పటికి 42 ఏళ్ళు, మాంట్‌గోమరీలో నల్లజాతి హక్కుల సంఘానికి ఏళ్ళ తరబడి కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆవిడకి తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, అదే ఊరిలో పదిహేనేళ్ళ క్లాడెట్ కాల్విన్ బస్సులో సీటు ఇవ్వనని కూర్చుంది. బస్సుల్లో వేరు సీట్ల పద్ధతిని కొట్టేయించిన కోర్టు కేసులో కక్షిదారుల్లో క్లాడెట్ ఉంది, రోసా పార్క్స్ లేరు. ఈ పేరు వరండా గోడ మీద ఎప్పుడూ కనపడదని నా బాధ.

మధ్యాహ్నం మేరీ మెక్‌లియోడ్ బెథ్యూన్ అనే నల్లజాతి టీచరు కథ. 1904లో ఫ్లోరిడాలోని డేటోనాలో డాలరున్నర చేతిలో పెట్టుకుని, అయిదుగురు ఆడపిల్లలతో బడి పెట్టారు. చెక్కపెట్టెలే బల్లలు, కాల్చిన పుల్లలే పెన్సిళ్ళు, ఎల్డర్‌బెర్రీ పళ్ళ రసమే సిరా. డబ్బు కోసం చిలగడదుంప పైలు చేసి అమ్మారు. ఆర్ట్ రూమ్ నుంచి బొగ్గు కడ్డీలు తెచ్చి పిల్లల చేత పేర్లు రాయించాను. రెండక్షరాలు రాసేసరికి కడ్డీ పుటుక్కున విరుగుతుంది, అరచేయి ఆనితే రాసిందంతా చెరిగిపోతుంది. ఒకమ్మాయి మణికట్టు గాల్లో లేపి పట్టుకుని, నాలుక పంటితో నొక్కి, పేరు పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టింది. చేతులు కడిగించేసరికి సింకు నల్లగా అయింది.

సాయంత్రం పిల్లల్ని పంపించే దగ్గర మన తెలుగావిడ ఒకరు ఆగారు. "మేడం, ఏడేళ్ళ పిల్లలకి ఇవన్నీ ఇప్పుడే చెప్పాలా అండీ? రాత్రి భయపడతారేమో" అన్నారు. అడిగింది ప్రేమతోనే. రూబీకి ఆరేళ్ళేనండీ అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. ఒకప్పుడు ఇండియా నుంచి ఈ దేశానికి వలస రావడానికి ఏడాదికి వంద మందికే కోటా. ఆ కోటాలని ఎత్తేసిన చట్టం 1965లో వచ్చింది, పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాది. ఆ పోరాటం తెచ్చిన ఊపులోనే అదీ వచ్చింది. నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని తెరిపించిన తలుపులోంచి మనం సూట్‌కేసులతో లోపలికి వచ్చాం, ఇది మన పిల్లలకి మనం కాకపోతే ఎవరు చెబుతారండీ అన్నాను. నా గొంతు కొంచెం పెరిగిందేమో. ఆవిడ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు, "చూద్దాం లెండి" అని కారెక్కారు. పేరెంట్స్ మీటింగ్‌లో తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి.

రేపు నాసాలో లెక్కలు కట్టిన నల్లజాతి గణితవేత్త కేథరిన్ జాన్సన్ కథ. వాళ్ళ కౌంటీలో నల్లపిల్లలకి ఎనిమిదో తరగతి దాటి చదువు లేకపోతే, ఆ కుటుంబం 120 మైళ్ళ దూరంలోని ఊరికి మారింది. 1962లో భూమి చుట్టూ తిరగబోయే ముందు వ్యోమగామి జాన్ గ్లెన్, కంప్యూటర్ లెక్కల్ని ఆవిడ చేత సరిచూపించమన్నాడు. చిన్నప్పుడు ఆవిడ రోడ్డు దాకా అడుగులు లెక్కపెట్టేది, తోమే గిన్నెలు లెక్కపెట్టేది. రేపు మా వాళ్ళు క్లాసు నుంచి క్యాఫెటేరియా దాకా అడుగులు లెక్కపెడతారు. క్లిప్‌బోర్డులు సరిపోవు, పక్క క్లాసు నుంచి అడిగి తేవాలి.