పెద్దదానివి కదా, సర్దుకో

కొత్త కుక్కని ఇంట్లోకి తెచ్చిన మొదటి పది నిమిషాల్లో చేయగలిగిన తప్పులన్నీ చేసేశాం. తలుపు బార్లా తీసి "చిట్టీ, ఎవరొచ్చారో చూడు!" అంటూ నేను, కొత్తవాడి లీష్ బిగించి పట్టుకుని గుమ్మంలో మా ఆయన, పక్కనుంచి వీడియో తీస్తూ మా పెద్దది, ఆనందం పట్టలేక గెంతుతూ చిన్నోడు. చిట్టి మా పాత కుక్క, దానికి ఆరేళ్లు. ఆ గుమ్మం తనది, సోఫా కింద చల్లటి చోటు తనది, పిల్లలు స్కూల్ నుంచి రాగానే ముందు ఎదురెళ్లే హక్కూ తనదే. కొత్తవాడు బ్రూనోకి రెండేళ్లు, దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్ నుంచి వచ్చి అప్పుడే కారు దిగాడు. ఇద్దరినీ ఇరుకు గుమ్మంలో మూతికి మూతి ఎదురుగా నిలబెట్టాం. చిట్టి తోక ఊపింది. "చూశారా, నచ్చాడు" అన్నాను నేను. ఆ తోక నిటారుగా లేచి కర్రలా బిగుసుకుపోయి కొస మాత్రమే వణుకుతోందని, నోరు గట్టిగా మూసుకుని కన్నార్పకుండా చూస్తోందని, రాత్రి ఆ వీడియో మళ్లీ చూసినప్పుడు గానీ తెలియలేదు. అప్పుడు మాత్రం నాకు వినపడింది గుర్రుమన్న చప్పుడొక్కటే.

"ఛీ, తప్పు! పెద్దదానివి కదా, సర్దుకోవాలి" అని కసిరాను.

మా పెద్దది ఫోన్ దించి నావైపు చూసింది. "అమ్మా, తమ్ముడు పుట్టినప్పట్నుంచీ నాతో కూడా ఇదే అంటున్నావు." కోపంగా కూడా కాదు, ఎక్కడో విన్న పాట గుర్తుపట్టినట్టు అంది. నేను జవాబు వెతుక్కునేలోపు చిట్టి బ్రూనో మీదికి దూకింది, మా ఆయన లీష్ లాగేశాడు, చిన్నోడు ఏడుపు అందుకున్నాడు. దెబ్బలేమీ తగల్లేదు.

ఆ రాత్రి షెల్టర్‌లో పనిచేసే ఆవిడకి ఫోన్ చేస్తే మొదట అడిగింది, గుర్రుమన్నప్పుడు మీరేం చేశారని. కసిరానని చెప్పాను. ఇంకెప్పుడూ అలా చేయొద్దంది. గుర్రుమనడం అంటే "నాకిది ఇబ్బందిగా ఉంది, కాస్త దూరం జరుగు" అని చెప్పడం. దానికి తిట్లు పడితే కుక్క ఇబ్బంది పడటం మానదు, చెప్పడం మానేస్తుంది. అలా నోరు నొక్కేసిన కుక్కలే ఒకరోజు ఏ హెచ్చరికా లేకుండా కరుస్తాయిట.

నేను పెరిగిన ఇంట్లో కోపం పెద్దవాళ్ల సొత్తు. పిల్లలు ముఖం ముడుచుకున్నా పొగరు కిందే లెక్క. ఇక్కడ మా పిల్లల స్కూల్లో ఒకటో క్లాసు నుంచే నాకిది నచ్చలేదు అని నోరు తెరిచి చెప్పమని నేర్పుతారు. ఏడేళ్ల చిన్నోడు ఒకసారి "అమ్మా, నాకు ఇప్పుడు కొంచెం స్పేస్ కావాలి" అంటే నాకు నవ్వూ వచ్చింది, ఎక్కడో చురుక్కుమని కూడా అంది. వెనక్కి తిరిగి చూసుకుంటే చిట్టి గుమ్మంలో అడిగిందీ అదే.

సరే, మొత్తం మొదట్నుంచి మొదలుపెట్టాం. నాలుగు రోజులు ఇద్దరూ ఒకరికొకరు కనపడకుండా వేరువేరు గదుల్లో. చిట్టి పడుకునే దుప్పటి బ్రూనో గదిలో, బ్రూనో దుప్పటి చిట్టి దగ్గర వేశాం, ముందు వాసన పరిచయం కావాలని. మొదటిరోజు చిట్టి ఆ దుప్పటి దగ్గరికొచ్చి ముక్కు తాకించి, మాకు వీపు చూపించి పడుకుంది. మూడోరోజుకి దాని మీదే పడుకుంది. ఆ తర్వాత, చిన్నోడు పాకే రోజుల్లో కొన్న బేబీ గేట్ అటక మీద నుంచి దించి హాల్‌కి అడ్డం పెట్టాం.

అసలు పని జరిగింది బయట నడకలో. ఇద్దరిలో ఎవరిదీ కాని చోటు కావాలి, అంటే చిట్టి రోజూ తిరిగే వీధి కూడా పనికిరాదు. అందుకని దూరంగా ఉన్న ఒక ఖాళీ మైదానానికి వెళ్లాం. చిట్టితో నేను, బ్రూనోతో మా ఆయన, మధ్యలో ఒక పెద్ద రోడ్డంత ఎడం పెట్టుకుని ఇద్దరం ఒకే దిక్కుకి నడవడం. ఎదురెదురు రావడం కాదు, పక్కపక్కనే వెళ్లడం. ఎవరైనా అవతలివాళ్లని గుడ్లప్పగించి చూస్తే ఇంకొంచెం దూరం జరగాలి, వదులుగా నేల వాసన చూస్తూ నడుస్తుంటే ఇంకొంచెం దగ్గరికి రావాలి. లీష్ వదులుగా ఉండాలన్నది వినడానికి తేలికే, చేతిలో టెన్షన్ ఉన్నప్పుడు అది ఎంత కష్టమో నా మణికట్టుకి తెలుసు. లీష్ బిగిస్తే కుక్క మెడ పైకి లేస్తుంది, ఛాతీ ముందుకొస్తుంది, అవతలి కుక్కకి అది కయ్యానికి కాలుదువ్వినట్టే కనిపిస్తుంది. అంటే మొదటిరోజు గుమ్మంలో బ్రూనో చేత మేమే తొడ కొట్టించామన్నమాట.

రెండోరోజు నడకలో ఒకరి వెనక ఒకరిని నడిపించాం. ముందు నడిచేవాడు ఉచ్చపోసిన చోట వెనకాల వచ్చేది ఆగి, తీరిగ్గా వాసన చూసి, తన జవాబు కూడా అక్కడే రాసి కదిలేది. ఉత్తరాలు నడిచాయి కొన్నాళ్లు. మూడో నడకలో బ్రూనో తిన్నగా కాకుండా చాపంలా వంపు తిరిగి చిట్టి పక్కకొచ్చాడు, తోక దగ్గర వాసన చూశాడు, మనసులో మూడు లెక్కపెట్టి ఇద్దరినీ పిలిచేశాం. మూడు సెకన్లు చాలు, బాగుంది కదా అని వదిలేస్తే ఆ నాలుగో సెకనులోనే ఎవరికో ఒకరికి చిర్రెత్తుతుంది. మళ్లీ నడక, మళ్లీ మూడు సెకన్లు. ఆరోరోజు చిట్టి ముంగాళ్లు నేలకి వంచి వెనక భాగం పైకెత్తి ఆటకి పిలిచింది. నేను మైదానం మధ్యలో నిలబడి ఏడ్చాను, ఎందుకో అడక్కండి.

ఆరోజు ఇంటికొచ్చాక బొమ్మలు, గిన్నెలు, పక్కలు అన్నీ తీసేసి, ముందు బ్రూనోని లోపలికి తీసుకెళ్లి ఆ తర్వాత చిట్టిని తెచ్చాం. అలా చేస్తే చిట్టికి గుమ్మం కాపలా కాసే పని ఉండదు.

ఇక్కడొక మాట చెప్పాలి. నా అసలు బెంగ కుక్కలు కొట్టుకుంటాయని కాదు. మా పిల్లలు నాతో మాట్లాడేటప్పుడు నేను తెలుగులో అడిగితే ఇంగ్లీష్‌లో జవాబిస్తారు, చాలా ఇళ్లలో ఉన్నదే. కానీ చిట్టితో మాత్రం ఎవరూ చెప్పకుండా తెలుగే మాట్లాడతారు. అది పిల్లగా వచ్చినప్పుడు దానికి నేను నేర్పినవి కూర్చో, ఆగు, వద్దు, ఇటురా, అందుకని వాళ్ల దృష్టిలో అది తెలుగు కుక్క. మా చిన్నోడి తెలుగులో సగం చిట్టి పెట్టిన భిక్షే. బ్రూనోకి తెలిసినవి సిట్, స్టే, కమ్. వాడొచ్చిన వారానికే పిల్లలు ఇద్దరితోనూ ఇంగ్లీష్‌లోకి మారిపోయారు. చిట్టి అర్థంకాక తల పక్కకి వంచి నావైపు చూసేది. ఇంట్లో నాకు మిగిలిన ఒక్క తోడూ పోతున్నట్టనిపించింది, నవ్వుకోండి ఫర్వాలేదు.

ఆ దిగుల్లో వెతుకుతుంటే ఒక పరిశోధన కనపడింది. లారా కుయాయా అనే శాస్త్రవేత్త మెక్సికో నుంచి హంగేరీలోని బుడాపెస్ట్‌కి మకాం మార్చినప్పుడు కున్-కున్ అనే తన కుక్కని కూడా తీసుకెళ్లింది. చుట్టూ మనుషులు వేరే భాష మాట్లాడుతున్నారని వీడికి తెలుస్తోందా అని ఆవిడకి అనుమానం. 18 కుక్కలకి ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి, ఒకే కథని స్పానిష్‌లో, హంగేరియన్‌లో చదివి వినిపించారు. తెలిసిన భాషకీ తెలియని భాషకీ వాటి మెదడు వేరువేరుగా స్పందించింది, వయసు ముదిరిన కుక్కలు ఆ తేడా ఇంకా బాగా పట్టుకున్నాయి. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. మకాం మార్చిన మనిషికే ఇలాంటి ప్రశ్న తడుతుంది అనిపించింది నాకు.

దాంతో పిల్లలకి పని అప్పగించాను, బ్రూనోకి తెలుగు నేర్పమని. పద్ధతి సులువే, కొత్త మాట ముందు, పాత మాట తర్వాత. "కూర్చో" అని ఒక్క క్షణం ఆగి "సిట్". వాడు కూర్చుంటే మెచ్చుకోలు. కొన్నాళ్లకి రెండో మాట కోసం ఆగకుండానే కూర్చుంటాడు. తిరగేసి చెబితే మాత్రం కుక్కకి కొత్త మాట వినాల్సిన అవసరమే ఉండదు, చిన్నోడు రెండురోజులు అలాగే చేసి తల పట్టుకున్నాడు. ఇప్పుడు వాడు బ్రూనోని "ఒరేయ్, ఆగరా" అని పిలుస్తుంటే వంటింట్లోంచి విని మురిసిపోతున్నాను. బ్రూనోకి నేర్పుతుంటే వినీ వినీ చిట్టి "సిట్" నేర్చేసుకుంది, దాన్ని ఎవరూ అడగలేదు.

మా అమ్మ వీడియో కాల్‌లో ఈ తతంగమంతా చూసి విసుక్కుంది. "ఎందుకే ఇంత హైరానా, వాటి మానాన వదిలెయ్. ఎవరు పెద్దో అవే తేల్చుకుంటాయి." ఈ మాట అమ్మదే కాదు, లోకమంతా ఉంది. దీని వెనక కథ ఏమిటంటే, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జూలో పెట్టిన తోడేళ్లని గమనించి, అవి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని రాశాడు. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంతో ఆ ఊహని ప్రపంచమంతా పాకించాడు. తర్వాత అదే మెక్ అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, గుంపు అంటే ఎక్కువగా తల్లీతండ్రీ వాళ్ల పిల్లలేనని 1999లో రాశాడు, తన పాత పుస్తకాన్ని ఇక అచ్చువేయొద్దని ప్రచురణకర్తని కూడా కోరాడు. ఇదంతా అమ్మకి చెబితే ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే తోడేళ్లలో కూడా తల్లి మాటే చెల్లుతుందన్నమాట" అని తేల్చేసింది. ఆవిడతో వాదన పెట్టుకోకూడదు.

పిల్లలతో ఎక్కువ తిప్పలు పడింది కౌగిలింతల దగ్గర. చిన్నోడికి రెండు కుక్కల మధ్య దూరి రెండు మెడలూ వాటేసుకోవాలని ఉంటుంది. కుక్కకి అది కదలనివ్వకుండా పట్టేయడం, పైగా పక్కన ఇంకా నమ్మకం కుదరని కుక్క. వద్దని చెబితే వినలేదు, చూడమంటే విన్నాడు. కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోందా, ఆకలి లేకుండా మూతి నాక్కుంటోందా, నిద్ర రాకుండా ఆవలిస్తోందా, అవన్నీ "వద్దు" అని చెప్పడమే అని నేర్పాను. ఇప్పుడు వాడికి అదే పని. ఆఫీస్ కాల్‌లో నేను ఆవలిస్తే పక్కకొచ్చి "అమ్మా, నీకు టెన్షన్‌గా ఉందా" అంటాడు.

అంతా సాఫీగా సాగలేదు. గిన్నెలు వేరువేరు గదుల్లో పెట్టేవాళ్లం గానీ పాత బంతి ఒకటి సోఫా వెనక ఉండిపోయిందని చూసుకోలేదు. రెండో వారంలో దాని దగ్గర ఇద్దరూ కలబడ్డారు. మా ఆయన చెయ్యి చాపాడు, వద్దని అరిచాను, పోట్లాటలో మెడపట్టీ కోసం చెయ్యి పెడితే తను ఎవర్ని కరుస్తోందో ఆ కుక్కకే తెలియదు. చేతికందిన పళ్లెం నేలకేసి కొట్టాను, ఆ చప్పుడుకి విడిపోయారు. పది సెకన్లు కూడా పట్టలేదు, ఇద్దరికీ గీత కూడా పడలేదు. రెండురోజులు మళ్లీ గేట్ మూసేశాం.

ఆరోజు మా పెద్దది గదిలోకెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి వెళ్తే, "చిట్టి ఏమీ అడగలేదు కదా అమ్మా, మనమే తెచ్చాం" అంది. అప్పుడు నాకు సర్దుకోవాలి అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. నిజమేనే అన్నాను. మర్నాటి నుంచి సాయంత్రం పావుగంట తనూ చిట్టీ తలుపేసుకుని కూర్చుంటారు, బ్రూనోకి గానీ తమ్ముడికి గానీ ప్రవేశం లేదు. తలుపు మీద కాగితం అంటించింది, తెలుగులో, "చిటీ టయిం" అని. దిద్దాలని చెయ్యి లాగింది గానీ ఊరుకున్నాను.

కొత్త కుక్కకి బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అంటారు షెల్టర్ వాళ్లు. మాకిది ఏడో వారం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇద్దరి మధ్యా ఇంకా గేట్ ఉంటుంది. మధ్యాహ్నాలు ఒకే కిటికీ కింద పడుకుంటారు, రెండడుగుల ఎడంతో. బ్రూనో అప్పుడప్పుడూ మర్చిపోయి సోఫా కింద చోటులోకి తల దూరుస్తాడు, చిట్టి గుర్రుమంటుంది, వాడు ఆగి, తల తిప్పుకుని, వెనక్కి వెళ్లిపోతాడు. మేమెవరం ఏమీ అనం.