అమ్మమ్మ బీరువాలో గాజు గ్లాసులు: ఎవరు చేశారు, రూపం ఎవరిది

పర్లాకిమిడిలో అమ్మమ్మ ఇల్లు సర్దుతుంటే అద్దాల బీరువాలో పద్నాలుగు గాజు సామాన్లు బయటపడ్డాయి. మామయ్య పాత సామాన్లవాళ్లకి ఇచ్చేద్దామన్నాడు. నేను వద్దని, పాత చీరల్లో చుట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని బరంపురం తెచ్చుకున్నాను. రెండు నెలలుగా ఆదివారాలు వీటితోనే గడుస్తున్నాయి, ఇప్పటికి పది తేలాయి.

మొదట అడుగు భాగం చూశాను. అక్కడి అక్షరాలు కూడా గాజే కాబట్టి ఊరికే చూస్తే కనబడవు. గ్లాసు బోర్లించి, వేలితో కాస్త ముఖానికి రాసుకునే పౌడర్ రుద్ది, పైపైన తుడిచేసి, మొబైల్ టార్చ్‌ని పక్కనుంచి పడుకోబెట్టినట్టు పెడితే అక్షరాలు ఒక్కొక్కటీ తెల్లగా తేలతాయి. అలా మూడింటి మీద డ్యురలెక్స్, రెండింటి మీద ఆర్కోరాక్, ఒకదాని మీద యెరా అని చదివాను. డ్యురలెక్స్, ఆర్కోరాక్ రెండూ ఫ్రాన్స్‌వే, 1980ల్లో పెద్ద మామయ్య గల్ఫ్‌ నుంచి వచ్చినప్పుడు తెచ్చినవని అమ్మ చెప్పింది. యెరా మాత్రం మన వడోదరలోని అలెంబిక్ గ్లాస్ వాళ్ల పేరు.

ఒక డ్యురలెక్స్ గ్లాసు అడుగున 23 అని ఉంది. చాలా పాతదేమోనని సంబరపడ్డాను, కానీ ఆ కంపెనీ మొదలైందే 1945లో. అది గ్లాసు పోసిన అచ్చు (మూస) నంబరు. ఫ్రాన్స్‌లో బడి పిల్లలు భోజనాల దగ్గర ఈ నంబరు చూసుకుని “నా వయసు ఇంత” అని ఆడుకుంటారట. కాబట్టి అడుగున అంకె కనబడగానే సంవత్సరం అనుకోవద్దు.

అసలు చిక్కు నాలుగు పేరులేని టీ గ్లాసుల దగ్గర వచ్చింది. కింద సన్నగా పైన వెడల్పుగా, చుట్టూ పలకలు పలకలుగా, అచ్చం డ్యురలెక్స్ వాళ్ల పికార్డీ అనే రకం గ్లాసులా ఉన్నాయి. ఆ రూపం 1954లో వచ్చింది, ఆ తర్వాత అలాంటివి ఎన్నో చోట్ల పోశారు, కాబట్టి రూపం చూసి కంపెనీ పేరు రాసేస్తే తప్పవుతుంది. పికార్డీ టెంపర్ చేసిన గాజు, అంటే పోసిన గ్లాసుని మళ్లీ బాగా వేడి చేసి, గాలితో చప్పున చల్లారుస్తారు, దాంతో పై పొర నొక్కుకుపోయి లోపలి పొర లాగిపెట్టినట్టు ఉంటుంది. ఆ బిగువు కళ్లకి కనిపించేలా చెయ్యొచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ పెట్టి, గ్లాసుని స్క్రీన్ ముందు పట్టుకుని, పోలరైజ్డ్ కళ్లజోడు పెట్టుకుని, తెర నల్లబడేదాకా తల వంచి చూడాలి. డ్యురలెక్స్‌లో అడుగున, అంచు దగ్గర తెల్లగా మెరిసే మచ్చలు, చారలు బాగా కనిపించాయి. ఈ నాలుగింటిలో దాదాపు ఏమీ లేదు. అచ్చు కలిసిన గీత కూడా గోటికి గట్టిగా తగులుతోంది. నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: రూపం పికార్డీది, చేసింది డ్యురలెక్స్ కాదు. (మరిగే నీళ్లు పోసి పరీక్షించమని ఒకరు చెప్పారు, దయచేసి ఆ పని చెయ్యకండి.)

మెట్లు మెట్లుగా వలయాలున్న ఒక గ్లాసుకీ ఇదే కథ. ఆ వలయాల ఆలోచన ఫిన్లాండ్‌కి చెందిన ఐనో ఆల్టోది, 1932 నాటిది, 1936లో మిలాన్ త్రైవార్షిక ప్రదర్శనలో బంగారు పతకం తెచ్చుకుంది, ఇప్పటికీ ఇట్టాలా కంపెనీ అమ్ముతోంది. మా గ్లాసు మీద ఏ పేరూ లేదు కాబట్టి ఆమె రూపాన్ని పోలినదని మాత్రమే రాశాను. అమ్మమ్మ దాన్ని మందుల గ్లాసుగా వాడేది. అయినా ఆ వలయాల్ని వేలితో తడుముతుంటే నాకు చాలా ఇష్టంగా ఉంటుంది.

బరువైన గ్లాసు ఒకటుంది, ఇంట్లో అందరూ దాన్ని క్రిస్టల్ అనేవాళ్లు. దానికి తూకం పరీక్ష చేశాను. పొడిగా తూస్తే 310 గ్రాములు. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, గ్లాసుని దారంతో కట్టి, గిన్నె అడుగుకీ గోడలకీ తగలకుండా పూర్తిగా ముంచితే 124 చూపించింది. గాలి బుడగలు అంటుకోకుండా గ్లాసుని ముందే తడపాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఆ 124 గ్లాసు పక్కకి తోసిన నీళ్ల బరువు. 310ని 124తో భాగిస్తే గాజు సాంద్రత 2.5, అది మామూలు సోడా గాజు. 24 శాతం సీసం ఉన్న క్రిస్టల్ అయితే 2.9 దాటాలి. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది.

చిన్న గిన్నె ఒకటి మాత్రం 2.24 వచ్చింది, అంటే వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు కావచ్చు. ఖాయం చేసుకుందామని సన్‌ఫ్లవర్ నూనెలో దించాను, మునిగినంత మేరా గిన్నె మాయమైపోయింది, అంచు మాత్రమే గాల్లో తేలినట్టు కనిపించింది. బోరోసిలికేట్ గాజు కాంతిని వంచే తీరు, వంటనూనె వంచే తీరు దాదాపు ఒకటే (1.47). పక్కనే టీ గ్లాసు ముంచితే స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కార్నింగ్ కంపెనీతో కలిసి 1962లో మొదలైన బోరోసిల్‌దేనా ఇది, ఇంకెవరిదైనానా అన్నది అడుగున అరిగిపోయిన గుర్తు చదివితేగానీ తేలదు. పౌడర్‌తో పని కాలేదు, వచ్చే ఆదివారం బటర్ పేపర్ వేసి పెన్సిల్‌తో రుద్ది చూడాలి.