కన్యాకుమారి నుంచి కోనసీమకి

ఒక్కడినే బండేసుకుని కన్యాకుమారి దాకా వెళ్లొచ్చాను. తిరుగుదారిలో నెల్లూరు, ఒంగోలు ఎప్పుడు దాటానో కూడా సరిగ్గా గుర్తులేదు. అదే హైవే, అదే ఎండ. సిద్ధాంతం ఊరి దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన ఎక్కాక మాత్రం గాలి మారింది. వంతెన దిగితే మన కోనసీమే కదా! రావులపాలెంలో అరటి గెలల లారీ వెనకాల ఇరుక్కుపోయినా హారన్ కొట్టబుద్ధి కాలేదు. కొత్తపేట రోడ్డులో హెల్మెట్ అద్దం పైకెత్తేశాను, పురుగులు కళ్లలో పడతాయని తెలిసినా.

అమ్మ "ఎంత నల్లబడిపోయావురా" అంటూనే వేడివేడిగా అన్నం పెట్టింది.

సోమవారం నుంచి మళ్లీ ఆఫీసు. కుడి చేతి వేళ్ల తిమ్మిరి ఇంకా తగ్గలేదు, మౌస్ పట్టుకోవడమే కష్టంగా ఉంది. పక్క సీటాయన "ఒక్కడివే వెళ్లావు, బోర్ కొట్టలేదా?" అన్నాడు. ఇక్కడ కొట్టినంత కాదులెండి అన్నాను.