పొయ్యి మసితో ఒక లేని తీరం

మ్యూజియం వెబ్‌సైట్లలో క్లాడ్ లొరైన్ డ్రాయింగులు చూసీ చూసీ, ఆయన పద్ధతిలో ఒక తీరం నేనే కల్పించి గీయాలనుకున్నాను. 1682లో రోమ్‌లో పోయిన చిత్రకారుడాయన. నకిలీ పెయింటింగుల బెడద తట్టుకోలేక, సుమారు 1635 నుంచి తన బొమ్మల నకళ్లు ఒక పుస్తకంలో గీసి పెట్టుకున్నాడు. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పేరు ‘లీబర్ వెరితాతిస్’, అంటే సత్య గ్రంథం. అందులో ఎన్నో తీరాలు ఎక్కడా లేనివే! రోమ్‌లో కొండమీదున్న విల్లా మెదిచీ అనే భవనాన్ని 1637లో ఆయన తెచ్చి ఓడరేవు ఒడ్డున నిలబెట్టాడు.

నేను పాత రోమ్ నగర కూడలి శిథిలాల్లో, అంటే రోమన్ ఫోరమ్‌లో, ఉన్న శాటర్న్ అనే రోమన్ దేవుడి ఆలయం తీసుకున్నాను. దానికి మిగిలినవి ఎనిమిది స్తంభాలే. వాటిని సముద్రం ఒడ్డున, కాగితం మధ్యలో గీశాను. సముద్రం కనబడకుండా పోయింది. మళ్లీ మొదలుపెట్టి ఎడమ అంచుకి జరిపితే దూరం పుట్టింది.

కొన్న సిరా నల్లగా, మొండిగా ఉంది. పాతకాలం వాళ్లు కట్టెల మసితో బిస్టర్ అనే గోధుమ రంగు సిరా చేసేవారని చదివాను. ఊళ్లో అమ్మ నీళ్లు కాచే పొయ్యి నుంచి జిగటగా ఉన్న మసి గీకి, నీళ్లలో మరిగించి, పాత నూలు గుడ్డలో వడకట్టాను. చిక్కటి డికాక్షన్ రంగు వచ్చింది. ఆ రోజు ఎంత సంతోషించానో!

ఇక వాష్, అంటే నీళ్లు కలిపిన సిరాని బ్రష్‌తో పల్చగా పూయడం. పల్చటి కాగితం తడికి ఉబ్బిపోయింది. మందంగా ఉండే 300 జీఎస్‌ఎమ్ కాగితం నాలుగు వైపులా టేప్ వేసి అంటించాను. బిస్టర్ గీత తడికి కాస్త కరుగుతుంది కాబట్టి బ్రష్ ఒక్కసారే తిప్పి తీసెయ్యాలి. దూరపు కొండలకి పెన్ను అసలు వాడలేదు, నీళ్లలాంటి వాష్ చాలు. సూర్యుణ్ణి మాత్రం రెండుసార్లు పాడుచేశాను, గుండ్రంగా గీత గీసి. గీయకూడదు. చుట్టూ ఆకాశానికి రంగు వేసి, ఆ కాస్త కాగితం వదిలేయాలి.

సూర్యుడు సముద్రం మీదుంటే స్తంభాలు మనవైపు చీకటిగా ఉంటాయి. ఒక్కో స్తంభం కుడి అంచున ఈనెపుల్లంత సన్నగా కాగితం వదిలాను. ఊపిరి బిగబట్టి చేసిన పని అదొక్కటే. ఆరాక చూస్తే రాయి గుండ్రంగా తిరిగింది.

క్లాడ్ పుస్తకంలో నీలి కాగితాలూ ఉన్నాయి. అక్కడ వెలుతురుకి తెల్లరంగు అద్దాలి. వచ్చే వారం అది మొదలుపెడతాను, సీసాలో సిరా ఇంకా సగం ఉంది.