కార్డు ఒకటే, గడువులు రెండు: నా అడ్వాన్స్ పరోల్ అనుభవం

మా ఐ-485, అంటే అమెరికా గ్రీన్ కార్డు కోసం వేసే చివరి దరఖాస్తు, ఇంకా పెండింగే. మా ఆయనది ఈబీ-3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డు కేటగిరీల్లో ఒకటి), ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మా స్థానం చెప్పే తేదీ, 2014 చివర్లో. 2020 అక్టోబర్ వీసా బులెటిన్‌లో (క్యూ ఎక్కడిదాకా వచ్చిందో ప్రభుత్వం నెలనెలా చెప్పే జాబితా) ఇండియా ఈబీ-3 ఫైలింగ్ డేట్, అంటే 485 వెయ్యనిచ్చే తేదీ, ఒక్కసారిగా 2015 జనవరి 1 దాకా వచ్చేసింది కదా, అప్పుడు ఫైల్ చేసిన గుంపులో మేమూ ఉన్నాం. ఆ నెల డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగు ఇంటికి ఫోన్ చేసినా ఇదే గోల. మెడికల్ టెస్టుకి ఏ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరుకుతుంది, పుట్టినప్పుడు మున్సిపాలిటీలో నమోదు చేయించని వాళ్ళు ఏ సర్టిఫికెట్ పెట్టాలి, అమ్మానాన్నల అఫిడవిట్ నోటరీ చేయించి స్కాన్ పంపితే చాలా, ఇవే మాటలు. ఆ భాగం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను వదిలేస్తున్నా. ఎవరూ సరిగ్గా చెప్పని ముక్క ఒకటుంది, 485 పెండింగ్‌లో ఉండగా దేశం దాటి వెళ్ళి రావడానికిచ్చే అనుమతి, అదే అడ్వాన్స్ పరోల్. నేను రాయాలనుకున్నది దాని గురించే.

485తో పాటు రెండు ఫారాలు పంపిస్తాం. ఐ-765 పని చేసుకోవడానికి, ఐ-131 దేశం దాటి వెళ్ళి రావడానికి. మా రోజుల్లో ఈ రెండూ కలిపి ఒకే ప్లాస్టిక్ కార్డుగా ఇచ్చేవాళ్ళు, కాంబో కార్డు అంటారు. కార్డు మీద సీ09పీ అని కేటగిరీ, కింద ఇది అడ్వాన్స్ పరోల్‌గా కూడా పనికొస్తుందని చిన్న అక్షరాల్లో ఒక లైను. నాకు అది 2021లో వచ్చింది, గడువు రెండేళ్ళు. అప్పటిదాకా నా దగ్గరున్నది హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి కార్డు. అది మా ఆయన హెచ్-1బీకి ముడిపెట్టి ఉంటుంది, ఆయన ఎక్స్‌టెన్షన్ ఆలస్యమైతే నా ఉద్యోగం కూడా ఆగిపోయేది. ఈ సీ09 కాంబో కార్డుకి ఆ గొడవ లేదు, 485 పెండింగ్‌లో ఉన్నంతకాలం రెన్యూ చేసుకుంటూ పోవచ్చు, ఏ కంపెనీలోనైనా, ఏ పనైనా చేసుకోవచ్చు. (మా ఆయనలాంటి ప్రైమరీ అప్లికెంట్‌కి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు, 485 వేసి 180 రోజులు దాటాక అదే తరహా ఉద్యోగానికే మారాలి, కొత్త ఉద్యోగం వివరాలతో సప్లిమెంట్ జే అనే ఫారం పెట్టాలి. భార్యకో భర్తకో ఆ షరతు ఉండదు. మా ఇంట్లో నాకు ఎక్కువ హక్కులున్న ఏకైక విషయం ఇదే.)

ఇక అసలు సంగతి. 2023 మొదట్లోనే రెన్యువల్ వేశాం, రెండు ఫారాలూ. వేసవికి పాత కార్డు గడువు అయిపోయింది, కొత్తది రాలేదు. పని విషయంలో ఇబ్బంది లేదు, ఎందుకంటే గడువు లోపలే అదే కేటగిరీలో రెన్యువల్ వేస్తే అప్పట్లో 540 రోజుల దాకా ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ ఉండేది, పాత కార్డు పక్కన ఐ-797 రసీదు పెడితే అది చెల్లేది. మా ఆఫీసులో హెచ్ఆర్ అమ్మాయి కార్డు మీద తేదీ చూసి కంగారుపడింది, నేను యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) వాళ్ళ పేజీ పంపించాక సర్దుకుంది. అంతవరకు బాగానే ఉంది.

కానీ ఆ పొడిగింపు పని సగానికి మాత్రమే. అదే కార్డులో ఉన్న ప్రయాణం సగానికి ఎలాంటి పొడిగింపూ లేదు, కార్డు మీద తేదీ దాటిన మర్నాటి నుంచి అది చెల్లదు. ఐ-131 పెండింగ్‌లో ఉండగా చేతిలో చెల్లుబాటయ్యే పరోల్ లేకుండా దేశం దాటితే ఆ ఐ-131 వదిలేసుకున్నట్టు లెక్కేసి కొట్టేస్తారు, అంతకన్నా ఘోరం ఏంటంటే 485 కూడా వదిలేసుకున్నట్టే లెక్క. హెచ్-1, హెచ్-4, ఎల్-1, ఎల్-2 స్టేటస్‌లో ఉండి ఆ వీసా మీదే తిరిగొచ్చే వాళ్ళకి మినహాయింపు ఉంది. నా పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపింగ్, అంటే వీసా ముద్ర, గడువు ఎప్పుడో 2019లో అయిపోయింది. హైదరాబాద్‌లో స్టాంపింగ్‌కి వెళ్దామంటే స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో, దొరికినా పాస్‌పోర్టు ఎప్పుడు చేతికొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇక్కడ చూస్తే ఇద్దరు పిల్లలు, నా ఉద్యోగం.

సరిగ్గా అప్పుడే గుంటూరులో నాన్నకి స్ట్రోక్ వచ్చింది.

అర్ధరాత్రి తమ్ముడి ఫోన్. ఐసీయూలో ఉన్నారు, కుడి చెయ్యి కదలడం లేదు, మాట తడబడుతోంది. అంతదాకా విన్నాక టికెట్ బుక్ చేసెయ్యాలనే అనిపిస్తుంది ఎవరికైనా. మా లాయర్‌కి ఈమెయిల్ పెడితే వెంటనే రెండు ముక్కల జవాబు: బయలుదేరొద్దు, ముందు ఎమర్జెన్సీ అడ్వాన్స్ పరోల్ తీసుకో. ఇలాంటిది ఒకటుందని చాలామందికి తెలియదు. పెండింగ్‌లో ఉన్న ఐ-131ని తొందరగా చూడమని అడిగే ఎక్స్‌పెడైట్ వేరు, ఇది వేరు. మన ఊరి ఫీల్డ్ ఆఫీసుకి మనిషే స్వయంగా వెళ్ళి, కొత్త ఐ-131 ఫారం అక్కడే ఇచ్చి, ఒప్పుకుంటే కాగితం చేతికి తెచ్చుకోవడం.

అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో దొరికేది కాదు, కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చెయ్యాలి. ఆ మెషీన్ మన మాట వినదు, ఏం చెప్పినా వెబ్‌సైట్ లింకు మెసేజ్ చేస్తానంటుంది, ఇన్ఫోపాస్, ఇన్ఫోపాస్ (ఆఫీసు అపాయింట్‌మెంట్‌కి వాళ్ళ పేరు) అని పట్టు వదలకుండా అంటూ పోతే చివరికి మనిషికి కలుపుతుంది. ఆ మనిషి వివరాలు రాసుకుని ఇంకో ఆఫీసర్ కాల్‌బ్యాక్ చేస్తారని చెప్పాడు. ఆ కాల్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఎత్తకపోతే కథ మొదటికొస్తుంది, అందుకని బాత్రూమ్‌కి కూడా ఫోన్ పట్టుకునే వెళ్ళా. మొత్తానికి కాల్ వచ్చింది, డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్ ఆఫీసులో టైమ్ ఇచ్చారు.

కాగితాల్లో అసలు కష్టం ఆస్పత్రి లెటర్. తమ్ముడు మొదట వాట్సాప్‌లో పంపింది ప్రిస్క్రిప్షన్ చీటీ మీద డాక్టర్ గారు పెన్నుతో రాసిన నాలుగు లైన్లు. అది అక్కడ చూపిస్తే ఎవరు నమ్ముతారు? లెటర్‌హెడ్ మీద టైప్ చేసి ఉండాలి, పేషెంట్ పూర్తి పేరు, జబ్బు, ఏ రోజు చేర్చారు, ఇప్పుడు పరిస్థితి ఏంటి, దగ్గరి మనిషి రావాల్సిన అవసరం ఏంటి, కింద డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్, తేదీ, ఫోన్ నంబర్. ఇదంతా నేనే ఇంగ్లీషులో నమూనా టైప్ చేసి పంపా. ఆస్పత్రి వాళ్ళు మెడికల్ సూపరింటెండెంట్ లేరు, రేపు రమ్మన్నారు. "అక్కా, ఇక్కడ లెటర్ అంటే పోలీస్ కేసుకేమో అని భయపడుతున్నారు, అమెరికా వాళ్ళకి అని చెప్తే ఇంకా భయపడుతున్నారు" అన్నాడు వాడు. రెండోసారి వచ్చిన లెటర్‌లో ఇంకో తంటా. ఆస్పత్రి రికార్డులో నాన్న పేరు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరమే, నా బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు దగ్గర ఇంటిపేరు పూర్తిగా ఉంది. మనకి అది అసలు తేడానే కాదు, కానీ అక్కడ కిటికీ అవతల కూర్చునే ఆఫీసర్‌కి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనబడొచ్చు. తమ్ముడు నాన్న ఆధార్ కార్డు పట్టుకెళ్ళి పూర్తి పేరుతో మళ్ళీ రాయించాడు. నా బర్త్ సర్టిఫికెట్ తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం, అనువదించిన మనిషి సంతకంతో సర్టిఫికేషన్, 485 చేసినప్పటి కాపీ ఉంది గనక బతికిపోయా.

తీసుకెళ్ళినవి: నింపిన ఐ-131, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, 485 రసీదు, పెండింగ్ ఐ-131 రసీదు, పాస్‌పోర్టు, పాత కాంబో కార్డు, ఆస్పత్రి లెటర్, బర్త్ సర్టిఫికెట్, డబ్బు కట్టని టికెట్ ఇటినరరీ. టికెట్ కొనొద్దు, ఇటినరరీ చాలు. ఫీజు లేదు, ఎందుకంటే మేం 2020లో 485 ఫీజు కట్టినప్పుడే పెండింగ్‌లో ఉన్నంతకాలం ఈ రెండిటి రెన్యువల్స్ కూడా అందులోనే. 2024 ఏప్రిల్ 1 తర్వాత 485 వేసినవాళ్ళకి ఆ వెసులుబాటు పోయింది, ఐ-765కి 260 డాలర్లు, ఐ-131కి 630 డాలర్లు విడిగా కట్టాలి, మనిషికి. నలుగురున్న ఇంట్లో ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

ఆఫీసులో జరిగింది పెద్ద కథేమీ కాదు. ఆఫీసర్ లెటర్ మొదటి నుంచి చివరిదాకా చదివింది, నాన్నకి ఎన్నేళ్ళు, అక్కడ ఇంకెవరున్నారు, ఎప్పుడు వెళ్ళాలి అని అడిగి లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, నా ఫోటో అతికించి ముద్ర వేసిన ఐ-512ఎల్ కాగితం, అంటే అడ్వాన్స్ పరోల్, చేతిలో పెట్టింది. దాని మీద పేరు, పుట్టిన తేదీ, గడువు అక్కడే నిలబడి చూసుకోండి, బయటికొచ్చాక తప్పు కనబడితే మళ్ళీ ఆ ఫోన్ మెషీన్ దగ్గర మొదలవుతుంది.

టికెట్ దోహా మీదుగా తీసుకున్నా. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కాస్త చౌకగా ఉంది గానీ అప్పట్లో ఇండియన్ పాస్‌పోర్టుకి జర్మనీలో ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా కావాలి, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే అక్కర్లేదు. అడ్వాన్స్ పరోల్ అమెరికా వీసా కాదు. గుంటూరు పోవాల్సిన మనిషి ఫ్రాంక్‌ఫర్ట్ కౌంటర్లో వాదిస్తూ నిలబడటం ఎందుకు? ట్రాన్సిట్ నియమాలు మారుతుంటాయి, ఆ దేశం వాళ్ళ సైటే చూసుకోండి, ట్రావెల్ ఏజెంట్ మాట నమ్మొద్దు.

నాన్న అప్పటికే ఐసీయూ నుంచి రూముకి వచ్చారు. నన్ను చూసి మొదట అడిగింది, ఉద్యోగం ఏమైందనే.

తిరుగు ప్రయాణంలో నాకు టెన్షన్ పెట్టింది అమెరికా ఇమ్మిగ్రేషన్ కాదు, శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్. అమ్మాయి పాస్‌పోర్టు తిప్పి తిప్పి వీసా వెతికింది, దొరికింది 2019లో అయిపోయింది. నేను పరోల్ కాగితం ఇచ్చా. ఇదేంటి మేడం అంది. దీనితోనే ఎక్కనిస్తారని చెప్తే సీనియర్‌ని పిలిచింది, ఆయన ఎవరికో ఫోన్ చేశాడు, వాళ్ళు కాగితం ఫోటో పంపమన్నారు. నా వెనక క్యూలో పెళ్ళివారి బ్యాచ్ ఒకటి, సూట్‌కేసులకి పచ్చళ్ళ డబ్బాల బరువు సర్దుకుంటూ నన్నే చూస్తున్నారు. చివరికి ఏదో టైప్ చేసి బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఒరిజినల్ కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో, కాపీలు వేరే కవర్లో పెట్టుకుని, మామూలు కన్నా ముందే ఎయిర్‌పోర్టుకి చేరండి.

డాలస్‌లో దిగాక మొదటి ఆఫీసర్ వేలిముద్రలు, ఫోటో తీసుకుని, కాగితం ఫోల్డర్లో పెట్టి పక్క గదికి పంపాడు. దీనికి కంగారు పడక్కర్లేదు, పరోల్ మీద వచ్చేవాళ్ళని సెకండరీకి పంపడం మామూలే. ఫోన్ ముట్టుకోకూడదని గోడ మీద బోర్డు. నా వరసలో కూర్చున్నవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే, అందరి చేతుల్లో ఫోల్డర్లు. పిలిచినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న, 485 ఇంకా పెండింగేనా అని. పాస్‌పోర్టులో పరోల్ ముద్ర, ఏడాది తేదీ. ఇంటికొచ్చి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) తీసి చూస్తే క్లాస్ డీఏ అని ఉంది, అంటే అడ్వాన్స్ పరోల్ మీద వచ్చినట్టు. పరోల్ ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలన్న రూలు లేదు, అది వాళ్ళ విచక్షణే, కాబట్టి పాత కేసులూ స్టేటస్ గొడవలూ ఏమన్నా ఉంటే వెళ్ళేముందే లాయర్‌తో మాట్లాడాలి. అవేమీ లేనివాళ్ళు కూడా "పరోల్ వాడితే కొంప మునుగుతుంది" అని ఏళ్ళ తరబడి అమ్మానాన్నల్ని చూడకుండా ఉండటం నాకు నచ్చదు. మా ఆయన హెచ్-1బీ మాత్రం వదల్లేదు, రేపు 485కి ఏమన్నా అయితే కాళ్ళ కింద ఒక నేల ఉండాలని. అది కూడా సబబే.

2023 సెప్టెంబర్ చివర్లో ఈఏడీ గడువు ఐదేళ్ళకి పెంచారు, పెండింగ్‌లో ఉన్నవాళ్ళకి కూడా. అలా నాకు 2028 దాకా ఉన్న కార్డు వచ్చింది, పని కోసం మాత్రమే. అడ్వాన్స్ పరోల్ తర్వాత విడిగా కాగితం మీద వచ్చింది. రెండు గడువులూ క్యాలెండర్లో వేర్వేరుగా రాసుకున్నా.

ఇప్పుడు వేసేవాళ్ళ పరిస్థితి మా కన్నా ఇరుకు. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఆ ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ చాలా కేటగిరీల్లో తీసేశారు, సీ09 కూడా అందులోనే. అంటే కొత్త కార్డు రాకముందే పాతది అయిపోతే పని ఆపెయ్యాల్సిందే. డిసెంబర్ 5 నుంచి ఐదేళ్ళ గడువు కూడా గరిష్ఠంగా 18 నెలలకి దించారు. మా ఆడపడుచు వాళ్ళు ఈ కొత్త లెక్కలోనే ఉన్నారు. 180 రోజుల ముందు నుంచి రెన్యువల్ వెయ్యొచ్చు కాబట్టి కార్డు చేతికొచ్చిన ఏడాదికే మళ్ళీ ఫారాలు నింపాలి. "ఐ-131 ఇప్పుడెందుకు వదినా, ఇండియా వెళ్ళే ప్లాన్ లేదుగా, 630 డాలర్లు మిగులుతాయి" అంది మొన్న. వాళ్ళ అత్తగారికి డెబ్బై దాటాయి. గ్రీన్ కార్డు చేతికిచ్చే ఈబీ-3 ఇండియా డేట్ (ఫైలింగ్ డేట్ కాదు) చూస్తే 2025 చివరికి ఇంకా 2013లోనే ఉంది. వెయ్యమనే చెప్పా.